మాయలోకమున నేర్పరి దొంగ

తాడిపత్రి దాటిన పెన్నానది గండికోటయొద్ద ఎఱ్ఱని కొండలను నిలువునా కోసికొని, లోతైన లోయగుండ వచ్చి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల మైదానములలో ప్రవేశించును. ఆ లోయయంచున నిలిచి క్రిందికి చూచువానికి నది సన్నని వెండితీగవలె కానవచ్చును. అట్టిచోట కథలు పుట్టకుండుట యెట్లు? కోటగోడలక్రింద నిధులున్నవనియు, వానిని భూతములో పడగవిప్పిన నాగములో కాచుచున్నవనియు రాయలసీమ పల్లెలలో తరతరములుగా చెప్పుకొనుచున్నారు. పాతకోట యున్న ప్రతిచోటను ఈ మాట యున్నది. ఆ మాటను నమ్మి, రాత్రివేళ గునపములు పట్టి, శిథిలమైన గుడులను గోడలను త్రవ్వి పాడుచేసినవారును లేకపోలేదు.

నిజముగా నేలలో నిధి కనబడినను దానిని మూటగట్టుకొని పోవుటకు వీలులేదు. 1878 నాటి నిధుల చట్టము ననుసరించి, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో, అది యేమో, ఎంతయో, ఎక్కడ ఏనాడు దొరకినదో కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలెను. కథలలో కలెక్టరు లేడు. ఆయన స్థానమున యక్షుడో, భైరవియో, దేవకన్యయో యుండును. అయితే వారికిని చట్టమున్నది. వారి శక్తి యెప్పుడు పనిచేయును, ఎప్పుడు చేయదు, ఎవరికి లొంగును అను నియమములున్నవి. ఆ నియమములను చదివి తెలిసికొన్న కుఱ్ఱవాడొకడు వచ్చి, బలముతో గాక తెలివితో ఆ నిధిని చేజిక్కించుకొనును. ఇట్టి కథలు ప్రపంచమున అన్ని భాషలలోను కలవు.

ఇటీవల లోకమంతట పేరొందిన అట్టి కథ యొకటి ఐర్లండు దేశమున పుట్టినది. వెక్స్‌ఫర్డు పట్టణమున బడిపంతులుగా పనిచేసిన ఓయిన్ కోల్ఫర్ అను రచయిత 2001లో ‘ఆర్టెమిస్ ఫౌల్’ అను నవలను ప్రకటించెను. 2012 నాటికి ఆ వరుసలో ఎనిమిది పుస్తకములు వెలువడినవి. కథానాయకుడు పండ్రెండేండ్ల బాలుడు. నాయకుడన్న పేరేగాని, మొదటి పుస్తకమున వాడు చేయునది నేరమే. వాని పూర్వులు అక్రమమార్గములలో ధనము కూడబెట్టినవారు. తండ్రి యెక్కిన ఓడ దూరసముద్రమున మునిగి, ఆయన జాడ తెలియకుండ పోయెను. ఆ దుఃఖమున తల్లికి మతి చలించెను. ఇంటి సంపదయు తఱిగిపోయెను. దానిని మరల నిలువబెట్టవలెనని బాలుడు ఒక పన్నాగము పన్నెను.

ఐర్లండు ప్రజలు పూర్వము మట్టిదిబ్బలక్రింద ఒక మాయాజాతి నివసించుచున్నదని నమ్మెడివారు. చెప్పులు కుట్టుచు, బంగారపు కుండను దాచుకొని తిరుగు లెప్రికాన్ అను మఱుగుజ్జు వారి కథలలో తఱచుగా వచ్చును. కుబేరుని ధనమును కాచు మన యక్షులకు వీరు దూరపు చుట్టములనదగుదురు. కోల్ఫర్ ఈ మాయాజాతికి భూగర్భమున నగరమును, యంత్రములను, రక్షకభటుల దళమును గూడ కల్పించెను. ఆ జాతిలో ప్రతివారియొద్దను ఒక చిన్నగ్రంథ ముండును. వారి నియమములన్నియు అందున్నవి. అది మనుష్యుల చేతిలో పడరాదు. ఆర్టెమిస్ వియత్నాము దేశమునకు పోయి, దీనస్థితిలో నున్న ఒక మాయావిని కనుగొని, ఆమె రోగమునకు మందిచ్చి, దానికి బదులుగా ఆ గ్రంథమును అరగంటసేపు ఎరువు పుచ్చుకొనెను. పుటలన్నియు ఛాయాచిత్రములు తీసికొని, ఇంటికి వచ్చి, ఆ యపరిచిత లిపిని కంప్యూటరు సాయమున విడదీసి చదివెను.

చదువగా తెలిసిన దేమనగా, ఆ జాతివారి మంత్రశక్తి వాడుకొలది తఱిగిపోవును. దానిని మరల నింపుకొనుటకు పున్నమినాటి రాత్రి, నది వంపు తిరిగినచోట నున్న ప్రాచీనమైన ఓక్ వృక్షము క్రింద ఒక గింజ నేరి, దానిని వేఱొకచోట నాటవలెను. బాలుడును, వాని అంగరక్షకుడును అట్టి చెట్టొకదానిని గుర్తించి, నెలల తరబడి పొంచియుండి, గింజ కొఱకు వచ్చిన హాలీ షార్ట్ అను మాయాజాతి దళాధికారిణిని పట్టుకొనిరి. విడుదలకు అడిగిన వెల ఒక టన్ను బంగారము. మన తులములలో చెప్పవలెనన్నచో సుమారు 85,700 తులములు. బంగారపు వర్తకమునకు పేరొందిన ప్రొద్దుటూరిలోనైనను దానిని తూచుటకు కూర్చున్నవానికి ఒక పూట చాలదు.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ బాలునకు భుజబలము లేదు, ఖడ్గవిద్య రాదు. వాడు పరుల ధర్మశాస్త్రమును పరులకంటె శ్రద్ధగా చదివెను. అంతే వాని బలము. కాని వాడు చేసినది అపహరణము. తనకు ఏ అపకారమును చేయని యొకామెను బంధించెను. ఆమె బాధను కోల్ఫర్ దాచలేదు. సగము కథ ఆమె కన్నులతోనే చూపెను. పుస్తకమును చదువు పిల్లవాడు ఒక పుటలో బాలుని తెలివికి మెచ్చుకొనును, మఱుసటి పుటలో ఆమె విడిపోవలెనని కోరుకొనును. కథకు ప్రాణ మచ్చటనే యున్నది.

పిల్లలు దొంగను మెచ్చుకొనుట మంచిదా యని పెద్దలు సందేహించుట సహజము. ఈ సందేహము నేటిది కాదు, ఐర్లండుదియు కాదు. అరువదినాలుగు విద్యలలో చోరవిద్యయు ఒకటి యని మనవారు చెప్పుకొనుచునే వచ్చిరి. పదుమూడవ శతాబ్దమున కేతన మహాకవి దండి సంస్కృతమున రచించిన గద్యకావ్యమును ‘దశకుమారచరిత్రము’ అను పేర తెనిగించి, తిక్కన సోమయాజికి అంకితమిచ్చెను. అందలి పదిమంది కుమారులలో అపహారవర్మ యొకడు. పేరులోనే అపహారమున్నది! అతడు చంపానగరమునకు వచ్చి, ఆ నగరమునిండ లోభులే యుండుట చూచి, ధనము నిలుకడలేనిదని వారికి తెలియజెప్పుటకై వారి యిండ్లకు కన్నములు వేయ నారంభించెను. ఉపదేశమునకు ఇంతకంటె వింతమార్గము వేఱొకటి యుండదు.

అతని నేర్పునకు పరాకాష్ఠ ఒక తోలుసంచి. దానిలో మాయ యేమియు లేదు. అపహారవర్మ తన మిత్రుడైన ధనమిత్రునిచేత ఆ సంచిని గుఱించి ఒక కథ చెప్పించెను. అది ఒక సిద్ధుడిచ్చిన సంచి యనియు, రాత్రి పూజించి యుంచినచో ఉదయమునకు బంగారముతో నిండుననియు ఆ కథ. ఒక్క నియమము మాత్రము చేర్చెను. సంచిని పొందగోరువారు అన్యాయముగ గడించిన ధనమును ఎవరిది వారికి తిరిగి యిచ్చివేయవలెను. న్యాయముగ గడించినది దానము చేయవలెను. పరులను మోసగించి ధనము కూర్చిన కామమంజరి యను నామె ఆ సంచికి ఆశపడెను. నియమము ప్రకారము, తాను దోచుకొన్న విరూపకుడను వానికి వాని ధనమంతయు మరల నిచ్చెను. సంచి నిండలేదు. విరూపకుని యిల్లు నిండినది.

ఆర్టెమిస్ నిజమైన మాయకున్న నియమమును కనుగొనెను. అపహారవర్మ లేని మాయకు నియమమును కల్పించెను. ఈ రెండింటిలో అపహారవర్మ చేసినదే గడుసైన పని. మాయను నమ్మించుటకు మంత్రములు చాలవనియు, కఠినమైన షరతు ఒకటి యుండిననే లోకము నమ్ముననియు ఆతనికి తెలియును.

ఈ నియమపు కథలను ఇరువదవ శతాబ్దమున తెలుగుపిల్లల యింటింటికి చేర్చినవారు కడప జిల్లావారగుట విశేషము. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో 1908లో జన్మించిన బి.ఎన్. రెడ్డియు, అదే జిల్లా పొట్టిపాడున 1912లో జన్మించిన బి. నాగిరెడ్డియు అన్నదమ్ములు. మద్రాసునకు పోయి, అన్న వాహినీ సంస్థ ద్వారా చలనచిత్రములను నిర్మించి, తానే దర్శకుడై కీర్తి గడించెను. తమ్ముడు ముద్రణాలయము నడపి, తెనాలివారైన చక్రపాణితో కలిసి విజయా సంస్థను స్థాపించెను. దేశమున సినిమారంగమునకు ఇచ్చు అత్యున్నత సత్కారమైన దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము అన్నకు 1974 సంవత్సరమునకును, తమ్మునికి 1986 సంవత్సరమునకును లభించినది. ఒకే యింట ఇద్దరికి ఆ గౌరవము దక్కుట అరుదు.

విజయా సంస్థ 1951లో విడుదల చేసిన ‘పాతాళభైరవి’ తెలుగున వెలువడిన అద్భుత సాహసకథలలో అగ్రగణ్యము. తాడిపత్రివారైన కె.వి. రెడ్డి దర్శకులు, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రాహకుడు. దీనికి మూలమైన కల్పనలు మధిర సుబ్బన్నదీక్షితుల ‘కాశీమజిలీ కథల’నుండియు, అరేబియా దేశపు అల్లావుద్దీను కథనుండియు వచ్చినవి. కాశీమజిలీల కథనమే ఒక ఒడంబడికపై నడచునది. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు, తోడుకొఱకు ఒక గోపబాలుని పిలిచెను. మజిలీ మజిలీకి తాను చూచిన వింతను గుఱించి అడిగినచో దాని కథ చెప్పవలెనని బాలుడు షరతు పెట్టెను. పశువులు కాచు కుఱ్ఱవాడు వేదాంతియైన యతిని మాటతో కట్టివేసెను! ఆ షరతు లేకున్నచో పండ్రెండు సంపుటముల కథలును లేవు.

పాతాళభైరవి కథ తెలియని తెలుగువారు తక్కువ. ఉజ్జయినిలో తోటమాలి కొడుకైన రాముడు రాకుమారి ఇందుమతిని ప్రేమించి, ఒకరాత్రి కోటగోడ దాటి లోనికి పోయి పట్టుబడెను. రాజశాసనము దృష్టిలో వాడు అపరాధి, మరణదండన విధింపబడెను. పిమ్మట రాజు మనసు మార్చుకొని, తనతో సమానమైన ఐశ్వర్యము సంపాదించినచో పిల్లనిత్తునని పలికెను. అదే సమయమున నేపాళదేశపు మాంత్రికు డొకడు సాహసవంతుడైన యువకునికై వెదకుచుండెను. పాతాళభైరవికి అట్టివానిని బలియిచ్చినచో, కోరినది యిచ్చు ప్రతిమ లభించును. రాముని ధనాశను ఎఱగా చూపి, మాంత్రికుడు వానిని వెంటబెట్టుకొనిపోయెను.

ఇచ్చట కథను నిదానముగ చూడవలెను. భైరవి మాంత్రికుని పక్షము కాదు, రాముని పక్షమును కాదు. ఆమె నియమము పక్షము. బలి యెవరిచ్చిరో వారికి ప్రతిమ దక్కును. మాంత్రికుడు ఏండ్ల తరబడి సాధన చేసి తెలిసికొన్న రహస్యము, దారిలో శాపవిమోచనము పొందిన ఒక దేవకాంత చెప్పిన మాటచేత రామునికి క్షణములో తెలిసిపోయెను. రాముడు మాంత్రికునే బలియిచ్చి ప్రతిమను పొందెను. భేతాళకథలలోను ఇట్టి మలుపే యున్నది. విక్రమార్కుని బలియిచ్చి సిద్ధి పొందదలచిన భిక్షువునకు, సాష్టాంగపడుట ఎట్లో చూపుమన్న రాజు మాటయే మృత్యువాయెను. వల పన్నినవాడు తాను పన్నిన వలయొక్క నియమముచేతనే పట్టుబడును.

రామునికి ప్రతిమ దొరకుటతో కథ ముగిసినచో అది సామాన్యమైన కథ యయ్యెడిది. ప్రతిమ మేడను, సంపదను ఇచ్చెను. రాజు సంతోషించెను. వివాహమునకు అంతయు సిద్ధమయ్యెను. కాని శిష్యుడు సదాజపుడు సంజీవనితో మాంత్రికుని బ్రతికించెను. మాంత్రికుడు వంచనతో ప్రతిమను హరించి, మేడతోసహా ఇందుమతిని మాయము చేసెను. ప్రతిమవలన వచ్చినదంతయు ప్రతిమతోనే పోయెను. రాముడు మరల తోటమాలి కొడుకే. అప్పుడు వానియొద్ద మిగిలినది మిత్రుడైన అంజి యొక్కడు. ఆ అంజి సదాజపుని వేషమున లోనికి పోయి, గురువునకు శిష్యునిపైగల నమ్మకమునే ఆయుధముగ చేసికొని, ప్రతిమను రాబట్టుటకు తోడ్పడెను. మొదటి గెలుపు రహస్యము తెలియుటవలన వచ్చినది. రెండవ గెలుపు స్నేహమువలన వచ్చినది. రెండవదే నిలిచినది. ఎన్.టి. రామారావు రామునిగను, ఎస్.వి. రంగారావు మాంత్రికునిగను నటించిన ఈ చిత్రము 1952లో బొంబాయిలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. రాముని సాహసము ఎంత మెచ్చుకోదగినదైనను, రంగారావు మాంత్రికుని తెలివి ఒక పాలు ఎక్కువగానే మనసున నిలుచును. దుష్టుని మందబుద్ధిగా చూపని కథకే బలమెక్కువ.

సినిమాకంటె ముందే, 1947 జూలైలో, నాగిరెడ్డి చక్రపాణులు ‘చందమామ’ను తెలుగున, అరవమున ఒక్కసారిగా ప్రారంభించిరి. తర్వాత అది పెక్కు భారతీయభాషలలో వెలువడినది. 1952 నుండి 1980లో మరణించువఱకు కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వభారమును వహించెను. అదే 1952లో చేరిన దాసరి సుబ్రహ్మణ్యము 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని పెక్కు ధారావాహికలను వ్రాసెను. మాంత్రికులు, రాకాసిలోయలు, పాతాళదుర్గములు అందు నిండియుండును. ప్రతినెల ఆపదయంచున కథ ఆగును. తరువాయి తెలియుటకు ముప్పదిదినము లాగవలెను. ఆ ముప్పదిదినములలో ఉపాయ మేమై యుండునని పిల్లలు తమలో తాము వాదించుకొనుటయే చందమామ నేర్పిన పెద్ద చదువు. శవమును భుజమున వేసికొని కత్తి చేతబట్టి నడచు విక్రమార్కుని శంకర్ చిత్రించిన బొమ్మ తరములకు గుర్తున్నది. 2013 నాటికి ఆ పత్రిక ముద్రణ నిలిచిపోయినది. పాతప్రతులను బైండు చేయించి దాచుకొన్నవారు ఇప్పటికిని కలరు.

దేవకన్యలకథ చెప్పక ఈ ప్రసంగము ముగియదు. విజయా సంస్థ, కె.వి. రెడ్డి దర్శకత్వముననే 1961లో ‘జగదేకవీరుని కథ’ను విడుదల చేసెను. అందు రాకుమారుడు ప్రతాపుడు కొలనికి జలక్రీడకు వచ్చిన ఇంద్రకుమారి చీరను దాచును. ఆ వస్త్రము లేనిదే ఆమె స్వర్గమునకు మరల జాలదు. ఇదియు నియమమే, దానిని పట్టుకొనుటయు దొంగతనమే. ఈ కల్పన మన యొక్కరి సొత్తు కాదు. ఐర్లండు, స్కాట్లండు తీరములలో సముద్రపు సీలుజంతువు తన చర్మమును విడిచి స్త్రీ యగుననియు, ఆ చర్మమును దాచినవానికి ఇల్లాలగుననియు చెప్పుదురు. కాని యెన్నడో ఒకనాడు ఆ చర్మము ఆమె కంటబడును. ఆ నిమిషమున ఆమె కడలికి పోవును. పిల్లలు ఏడ్చినను ఆగదు. ప్రతాపుని కథలోను దాచిన చీర దొరకినంతనే దేవకన్య స్వర్గమునకు పోవును. అతడు పోయి మరల ఆమెకు అర్హుడనని నిరూపించుకొనవలసి వచ్చును.

జపానుదేశపు ‘హగొరొమో’ అను నాటకమున ఇదే కథ వేఱుగా నడచును. దేవకన్య యొక్క ఈకల వస్త్రము జాలరి కొకనికి చెట్టుకొమ్మపై దొరకును. ఆమె దుఃఖము చూచి, నాట్యము చేసి చూపినచో ఇచ్చెదనని వాడు బేరమాడును. వస్త్రము ముందిచ్చినచో ఆడకయే పోవునేమో యని శంకించి, ఆమె బదులు విని సిగ్గుపడి, ముందుగనే యిచ్చివేయును. ఆమె మాట తప్పక నర్తించి ఆకసమున కలిసిపోవును. చీర దాచినవారందఱిలో దానిని తానే తిరిగి యిచ్చినవాడు ఈ జాలరి. వానికి ఆమె దక్కలేదు. నాట్యము దక్కెను.

ఆర్టెమిస్ కథయు చివరకు ఇట్టి తూకముతోనే ముగియును. బంగారమంతయు చేతికి వచ్చిన పిమ్మట వాడు బంధించిన హాలీ షార్ట్‌నే ఒక కోరిక కోరును. తల్లి మతి బాగుపడవలెను. దానికి వెల సగము బంగారము. నెలల తరబడి పొంచియుండి సంపాదించిన దానిలో సగమును వాడు మాఱుమాట లేక ఇచ్చివేయును. అది పశ్చాత్తాప మనుటకు వీలులేదు, ఏలయన మిగిలిన సగమును ఉంచుకొనెను గదా! అయినను వాని లెక్కలో బంగారముకంటె బరువైన దొకటి కలదని ఆ ఒక్కచోట బయటపడినది.

కడపసీమలో ఈ కోవకు చెందిన ప్రసిద్ధ గాథ వేమనయోగిది. ఇది చరిత్ర కాదు, జనశ్రుతి. వేమన యే ఊరివాడు, ఏ కాలమువాడు అను విషయమున పండితులు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఆయన సమాధి మాత్రము పులివెందుల కావల కదిరి ప్రాంతమున కటారుపల్లెలో నున్నదని చెప్పి అచ్చట పూజించుచున్నారు. కడపలో ఉద్యోగము చేయుచు, సొంత బంగళాలో పండితులను చేర్చి తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. బి.ఎన్. రెడ్డి స్థాపించిన వాహినీ సంస్థ కె.వి. రెడ్డి దర్శకత్వమున 1947లో ‘యోగివేమన’ చిత్రమును నిర్మించెను. పాతాళభైరవికి నాలుగేండ్లు ముందు ఆ దర్శకుడు ఈ కథను చేపట్టుట గమనింపదగినది.

జనులు చెప్పుకొను కథ యిది. వేమన యౌవనమున సంపన్నుడు, అధికారముగల యింటివాడు. అభిరాముడను కంసాలి ఆ యింటికి నగలు చేయువాడు. అభిరాముడు దినదినము ఆలస్యముగ పనికి వచ్చుచుండుట చూచి, వేమన రహస్యముగ వెంబడించెను. అడవిలో ఒక గుహయందు ఒక యోగి యుండెను. అభిరాముడు ప్రతిదినము చీకటితో లేచి ఆయనకు సేవచేసి వచ్చుచుండెను. యోగి ప్రసన్నుడై, ‘రేపు రమ్ము, మంత్రోపదేశము చేసెదను’ అని పలుకుట వేమన చెవిని పడెను. మఱునాడు వేమన అభిరామునికి త్వరగా చేయవలసిన పని కల్పించి, ఇల్లు కదలనీయక, తానే గుహకు పోయెను. అభిరాముడు రాలేకపోయెననియు, తనను పంపెననియు చెప్పెను. ఉపదేశమునకు నియమిత మైనది ఆ ఘడియ. ఆ ఘడియకు ఎదుట నున్నవానికి మంత్రము దక్కును. యోగి వేమనకు ఉపదేశించి దేహము చాలించెను.

ఆర్టెమిస్ గ్రంథమును చదివినట్లు, రాముడు బలినియమమును ఎఱిగినట్లు, వేమనయు ఘడియను కనిపెట్టెను. కాని భూగర్భవాసుల బంగారమైనచో తిరిగి యిచ్చివేయవచ్చును. దేవకన్య చీరయైనచో చెట్టుపై పెట్టి పోవచ్చును. చెవిలో పడిన మంత్రమును తిరిగి యిచ్చుట యెట్లు? యోగి లేడు. అభిరాముడు ఏండ్ల తరబడి చేసిన సేవ వ్యర్థమయ్యెను. ఇంటికి వచ్చిన వేమన, ఇంకను వాకిట కూర్చుండి పని చేయుచున్న కంసాలి కాళ్లపై పడి, జరిగినదంతయు చెప్పెనట. అభిరాముడు క్షమించెనట. తన వలన అతనికి పోయినదానిని ఏ విధముగను పూడ్చలేక, ఆ మిత్రుని పేరు తన పద్యములలో శాశ్వతముగ నిలుపుదునని వేమన మాట యిచ్చెనట.

మకుటమునకు పండితులు వేఱు అర్థములు చెప్పుదురు. ఆ పదములను విడదీయు విధములు పెక్కులు. జనులు మాత్రము కంసాలి కథనే నమ్మిరి. వేమన పద్యమును అప్పజెప్పు పిల్లవాడు నాలుగవ పాదమునకు వచ్చునప్పటికి కవిపేరుకంటె ముందు అభిరాముని పేరే పలుకవలసియుండును.